అమ్మబోయే ఫ్లాటులో వంటగది మార్చాలా, వద్దా?

విజయవాడకు తిరిగి వెళ్లిపోదామని మావారూ నేనూ నిర్ణయించుకున్న తరువాత, హైదరాబాదు నిజాంపేట రోడ్డులో 2004లో కొన్న మా ఫ్లాటును అమ్మకానికి పెట్టే ముందు తేల్చుకోవలసిన విషయాలన్నిటిలోనూ ఎక్కువ వాదన వంటగది మీదే జరిగింది. కాగితాలు సరిచూసుకోవడం, అసోసియేషన్ బకాయిలు కట్టడం, గోడలకు రంగులు వేయించడం వంటి వాటి మీద ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. వంటగది దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలా ఒక మాట అన్నారు. ఏజెంటు పూర్తిగా మార్పించమన్నాడు, మావారు పైసా ఖర్చు పెట్టవద్దన్నారు, డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు ఫోనులో తన అనుభవం చెప్పాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ గట్టు ముందు నిలబడ్డాను కాబట్టి అందులో ఏది బాగుందో ఏది బాగాలేదో నాకు తెలుసు. కానీ ఆ తెలియడం వండుకునేవారికి పనికొచ్చేదే తప్ప అమ్ముకునేవారికి నేరుగా పనికిరాదు.

ముందు ఆ వంటగది సంగతి చెప్పాలి. ఎనిమిదడుగులకు తొమ్మిదడుగుల గది. తూర్పు గోడ వెంబడి సాగి దక్షిణానికి మలుపు తిరిగే నల్ల గ్రానైటు గట్టు, దాని కింద కడప బండలతో కట్టిన అరలు, ఆ అరలకు మేము 2011లో వడ్రంగి చేత పెట్టించిన ప్లైవుడ్ తలుపులు, గట్టు మీద రెండడుగుల ఎత్తు వరకు తెల్ల టైల్స్, పైన అటక, వెనుక వాషింగ్ మెషీన్ పట్టేంత యుటిలిటీ ఉన్నాయి. పొయ్యి ఆగ్నేయ మూలన, వండేవారు తూర్పు ముఖంగా నిలబడేలా ఉంది. సింకు ఈశాన్యం వైపు ఉంది. గట్టు చెక్కుచెదరలేదు. తలుపులకు అంచుల దగ్గర సన్‌మైకా లేచింది, కొన్నిటి మడతబందులు వదులై తలుపు ఒక పక్కకు వాలుతోంది, పోపుల పొగకు టైల్స్ మధ్య సందులు నల్లబడ్డాయి, సింకు కింద అర తలుపు అడుగున ఉబ్బింది. వాడుకునే ఇంట్లో ఇవేవీ పెద్ద లోపాలుగా కనిపించవు.

ఏజెంటు పంపగా కూకట్‌పల్లి నుంచి ఒక ఇంటీరియర్స్ దుకాణం మనిషి వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాడు. గట్టూ కడప బండలూ పగలగొట్టి, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైతో పెట్టెలు, ఆక్రిలిక్ తలుపులు, మెత్తగా మూసుకునే సొరుగులు, క్వార్ట్జ్ గట్టు, చిమ్నీ, అన్నీ కలిపి 18 శాతం జీఎస్‌టీతో సహా 3,75,000 రూపాయలకు కొటేషన్ ఇచ్చాడు. పగలగొట్టిన చెత్తను మూడో అంతస్తు నుంచి దింపించి తోలించే ఖర్చు వేరు. ఏజెంటు చెప్పిన వాదన మాత్రం తీసిపారేయదగినది కాదు. బాచుపల్లి వైపు కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్లలో చాలామంది బిల్డర్లు ఇప్పుడు వంటగదిని ఖాళీగానే అప్పగిస్తున్నారు, కొందరు గట్టు కూడా కట్టడం లేదు, ఎందుకంటే కొన్నవారు ఎలాగూ దానిని పగలగొట్టి, ముందే తయారు చేసి తెచ్చి బిగించే మాడ్యులర్ వంటగది పెట్టించుకుంటున్నారు. పైగా నిర్మాణంలో ఉన్న ఫ్లాటు కొంటే సాధారణంగా 5 శాతం జీఎస్‌టీ కట్టాలి. మాది పాత ఫ్లాటు కాబట్టి ఆ పన్ను లేదు. కాబట్టి పెట్టేబేడాతో వచ్చి ఆ రోజే దిగిపోగలిగిన ఇల్లు అని చెప్పుకోగలిగితే ధర అడగవచ్చునని అతని మాట.

ఆ వాదనను పరీక్షించడానికి నేను కాగితం మీద వేసిన లెక్క ఇది. మా ప్రాంతంలో మా వయసు భవనాలలో ఫ్లాటు ధర చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. మా 1,150 చదరపు అడుగులకు 5,000 చొప్పున 57,50,000 రూపాయలు వస్తుందని ఏజెంటే అంచనా కట్టాడు. ఆ అంచనాలో భవనం వయసు, అంతస్తు, ముఖం, లిఫ్టు, కారు పార్కింగు, అందరూ యూడీఎస్ అని పిలిచే అవిభాజ్య భూమి వాటా ఎన్ని గజాలు అనేవి ఉన్నాయి. వంటగదికి విడిగా ఒక వరుస లేదు. వంటగది మార్చితే ధర పెరుగుతుందన్న మనిషే ధర కట్టేటప్పుడు వంటగదిలోకి తొంగి చూడకపోవడం నాకు కొంచెం వింతగా తోచింది.

ఇక బ్యాంకు సంగతి. మా ఫ్లాటు కొనేవారు దాదాపుగా గృహరుణం తీసుకునేవారే. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉన్న గృహరుణాలకు రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. ఆ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. బ్యాంకు పంపే వాల్యుయర్ భూమి వాటా, కట్టడం వయసు, చుట్టుపక్కల ధరలు చూసి విలువ కడతాడు తప్ప సొరుగులు మెత్తగా మూసుకుంటున్నాయా లేదా అన్నది అతని లెక్కలోకి పెద్దగా రాదు. 57.5 లక్షలకు బేరం కుదిరి విలువ కూడా అంతే కడితే రుణం 46 లక్షలు వస్తుంది, మిగిలిన 11.5 లక్షలతో పాటు తెలంగాణలో మొత్తం 7.5 శాతంగా ఉన్న స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద మరో 4.3 లక్షలు కొనేవారు సొంతంగా తెచ్చుకోవాలి. కొత్త వంటగది పేరుతో మేము 61.25 లక్షలు అడిగి, బ్యాంకు విలువ మాత్రం 57.5 దగ్గరే ఆగిపోతే రుణం పెరగదు, రిజిస్ట్రేషన్ ఖర్చు పెరుగుతుంది, మొత్తం మీద కొనేవారి చేతి నుంచి అదనంగా పడే డబ్బు నాలుగు లక్షలు దాటుతుంది. సొంత డబ్బు పదహారు లక్షలు కూడబెట్టుకోవడానికే కిందామీదా పడుతున్న కుటుంబం ఇంకో నాలుగు లక్షలు తెచ్చి మనకు నచ్చిన రంగు తలుపులు కొనుక్కుంటుందని నేను అనుకోలేకపోయాను. ఆ అదనపు మొత్తాన్ని ఇంటీరియర్స్ పేరుతో వేరే ఒప్పందంలో రాసుకోవచ్చునని ఏజెంటు సలహా ఇచ్చాడు గానీ, అమ్మకం ధరను ముక్కలు చేసి కాగితాల మీద చూపించే పనులు ఈ వయసులో మాకు అక్కరలేదని మావారు అక్కడికక్కడే చెప్పేశారు.

ఆ నాలుగు లక్షలు పెట్టగలిగినవారు వచ్చినా, ఆ వంటగదిని వారు ఉంచుకుంటారన్న నమ్మకం లేదు. మన ఇళ్లలో వంటగదిని చూసేది సాధారణంగా కొనే మనిషి కాదు, అతని తల్లి, భార్య, అత్తగారు. వాళ్లు ముందు చూసేది పొయ్యి ఏ మూలన ఉంది, వండేవారి ముఖం ఎటు ఉంటుంది, సింకూ పొయ్యీ పక్కపక్కనే ఉన్నాయా, పూజకు చోటెక్కడ అన్నది. ఒక వాస్తు సిద్ధాంతికి సరే అనిపించినది ఇంకొకరికి అనిపించదు. గృహప్రవేశం నాడు పాలు పొంగించేది ఆ గట్టు మీదే కాబట్టి పాతవాళ్ల గట్టు తీసేసి కొత్తది వేయించుకోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. మేము 2004లో కొన్నది కొత్త ఫ్లాటు కాకపోయి ఉంటే మా అత్తగారు అదే పని చేయించి ఉండేవారు. వాళ్లు ఎలాగూ పగలగొట్టుకునే దానిని ముందు మేము పగలగొట్టి కట్టడంలో అర్థం కనిపించలేదు.

తమ్ముడి మాటకు కూడా న్యాయం చేయాలి. "అక్కా, ఇక్కడ ఇల్లు అమ్ముడుపోయేది వంటగదిని చూసే" అన్నాడు. అక్కడ అది నిజమే. వంటగది హాలులోకి తెరుచుకుని ఉంటుంది, ఇంటి ఫోటోలలో ముందు వరుసలో ఉంటుంది, బ్యాంకు కోసం విలువ కట్టే అప్రైజర్ ఇంటి లోపలి స్థితిని, చేయించిన మార్పులను కూడా నమోదు చేస్తాడు. అయితే తమ్ముడు తన ఇల్లు అమ్మినప్పుడు కూడా వంటగదిని పగలగొట్టలేదు. పాత చెక్క అరలకు తెల్ల రంగు వేయించి, పిడులూ కుళాయీ దీపాలూ మార్పించాడు. అమెరికాలో ఏటా వెలువడే కాస్ట్ వర్సెస్ వాల్యూ నివేదిక 2024 సంచికలో వంటగదికి చేసిన చిన్న మార్పులకు పెట్టిన ఖర్చులో దాదాపు 96 శాతం ఇంటి ధరలో తిరిగి వస్తుందని, పూర్తిగా మార్చిన ఖరీదైన వంటగదికి మాత్రం 38 శాతమే తిరిగి వస్తుందని లెక్క కట్టారు. ఆ అంకెలు మన ఊళ్లకు వర్తించవు, అక్కడి కొనుగోలుదారు వేరు, అక్కడి కూలి వేరు. కానీ వంటగదికి అంత ప్రాధాన్యం ఉన్న దేశంలోనే పెద్ద ఖర్చు గిట్టుబాటు కానప్పుడు, వంటగదికి ధరలో వరుసే లేని మా వీధిలో ఎలా గిట్టుతుందన్నది నా ప్రశ్న. తమ్ముడు దానికి నవ్వి ఊరుకున్నాడు.

ఇది అన్ని ఇళ్లకూ ఒకే విధంగా వర్తించే లెక్క కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేనమామ పాత ఇల్లు అమ్మినప్పుడు కొన్నవారు లోపలికి కూడా రాలేదు. వీధిలో నిలబడి గజాలు లెక్క వేసుకుని, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. అలాంటి ఇంటికి సున్నం వేయించడం కూడా దండగే. దానికి పూర్తిగా వ్యతిరేకమైన సందర్భం పెద్ద గేటెడ్ కమ్యూనిటీలది. ఒకే టవరులో ఒకే కొలతలతో, ఒకే ముఖంతో ఏడెనిమిది ఫ్లాట్లు ఒకేసారి అమ్మకానికి ఉండి, మిగిలిన అన్నిటిలో మాడ్యులర్ వంటగది ఉండి మీదొక్కదానిలో ఖాళీ గోడలు ఉంటే, కొనేవారికి తేడాగా కనిపించేది అదొక్కటే. అక్కడ ఖర్చు పెట్టడం తప్పనిసరి కావచ్చు, కనీసం త్వరగా అమ్ముడుపోవడానికి ఉపయోగపడుతుంది. గట్టు పగిలిపోయి, అరలు చెద తినేసి, వండుకోవడానికే వీలులేని వంటగది అయినా అంతే. మాది ఈ రెంటికీ మధ్య ఉన్న ఇల్లు, పాత అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం అలాంటివేనని నా అంచనా.

ఆ మధ్యరకం ఇళ్లలో వంటగది ధరను పెంచదు గానీ తగ్గించగలదు. నన్ను ఒప్పించిన విషయం ఇదే. సింకు కింద అర తలుపు తీసి టార్చిలైటు వేసి చూస్తే అడుగు పలక రెండంగుళాల మేర ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయి ఉంది. వెనుక గోడ మీద అరచేతి వెడల్పున చెమ్మ మరక, దాని చుట్టూ తెల్లటి ఉప్పు పొక్కులు. 2004 నాటి మా భవనంలో గోడల్లో వేసినవి జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు. అవి లోపల తుప్పు పట్టి సన్నబడి, మలుపుల దగ్గర చెమరిస్తాయి. ప్లంబర్ చూసి సింకుకు వెళ్లే ఒక్క మలుపు దగ్గరే కారుతోందని తేల్చాడు. అతనికి అది ఒక పూట పని. కొనడానికి వచ్చిన మనిషి అదే మరకను చూస్తే అతని ఆలోచన ఒక్క మలుపు దగ్గర ఆగదు: స్నానాల గదుల్లో ఎలా ఉందో, కింది ఫ్లాటు వారి పైకప్పులోకి దిగిందేమో, రేపు వాళ్లతో తగాదా వస్తుందేమో, భవనం మొత్తం పైపులు మార్చవలసి వస్తే అసోసియేషన్ ఎంత వసూలు చేస్తుందో అని సాగుతుంది. పైకి ఏమీ అనకుండా రెండు లక్షలు తగ్గించి అడుగుతాడు, లేదా మళ్లీ ఫోను చేయడు. ఇల్లు వెతికే రోజుల్లో మేమూ అలాగే చేశాం.

కాబట్టి ఖర్చు పెట్టవలసిన చోట్లు ఏవో ఆ లెక్కనే నిర్ణయించాం. సింకు వైపు జీఐ పైపును తీయించి తుప్పు పట్టని సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయించాం, గోడ ఆరేదాకా ఆగి పూత పూయించాం. పనివాడు చెమ్మ మరక మీద వెంటనే పుట్టీ కొట్టేసి రంగు వేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అలా కప్పిన చెమ్మ కొద్ది వారాల్లో మళ్లీ పొక్కుతుంది, అంతలో అగ్రిమెంటు అయి ఉంటే మాట పడేది మేమే. ఉబ్బిన పలకను, దాని పక్క రెండు తలుపులను నీటికి తట్టుకునే ప్లైతో మార్పించాం. బోరు నీటి చారలు పట్టి మచ్చలు తేలిన పాత సింకు స్థానంలో కొత్త స్టీలు సింకు, పొడవు మెడ కుళాయి పెట్టించాం. టైల్స్ సందుల్లోని నల్లటి వైట్ సిమెంటును గీకించి ఎపాక్సీ గ్రౌటు నింపించాం. ఒక్క ఆ పనితోనే పాత టైల్స్ పదేళ్లు వెనక్కి వెళ్లినట్లు కనిపించాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించిన పని ఇంకొకటి లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇల్లు శుభ్రం చేసేవాళ్లు చాలామంది టైల్స్ మీద, గట్టు మీద ఆసిడ్ పోసి రుద్దుతామంటారు. కడప బండ సున్నపురాయి జాతిది. ఆసిడ్ పడితే నురగలు కక్కి, నున్నటి నల్లదనం పోయి బూడిద రంగు మరక శాశ్వతంగా మిగులుతుంది. స్టీలు సింకు కూడా పాడవుతుంది. గట్టు మీద పేరుకున్న జిడ్డుకు వంట సోడా, గోరువెచ్చని సబ్బునీరు, కొంచెం ఓపిక సరిపోయాయి. మా గట్టు ఇరవై ఏళ్ల కిందటి నల్ల గ్రానైటు. తుడిచి ఆరబెట్టాక దానిని చూసి, దీన్ని పగలగొట్టి క్వార్ట్జ్ వేయమన్న మనిషి మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

కరెంటు పాయింట్ల గురించి ఏజెంటు గానీ దుకాణం మనిషి గానీ ఒక్క మాట చెప్పలేదు. 2004లో వంటగదికి మిక్సీకి ఒక పాయింటు, ఫ్రిజ్‌కు ఒక పాయింటు సరిపోతాయనుకున్నారు. ఇప్పుడు వచ్చే కుటుంబానికి మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి, నీటి ఫిల్టరు, కొందరికి డిష్‌వాషర్ కూడా ఉంటాయి. గట్టు పైన ఒకటి, యుటిలిటీలో ఒకటి 16 ఆంపియర్ల పాయింట్లు, విడి వైరుతో, భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే విడి ఎంసీబీ స్విచ్‌తో వేయించాం. చూడటానికి వచ్చిన వయసులో చిన్న దంపతులు గ్రానైటు కంటే ముందు వాటినే లెక్కపెట్టారు. వీటితో పాటు వదులైన మడతబందులూ పిడులూ మార్పించడం, పైకప్పుకు తెల్ల రంగు, పసుపు వెలుగు బల్బు తీసి పొడవైన ఎల్‌ఈడీ దీపం పెట్టించడం, అన్నీ కలిపి 65 వేల రూపాయల లోపే అయ్యాయి.

కాలం కూడా మా నిర్ణయాన్ని ఒకవైపుకు నెట్టింది. మాడ్యులర్ పనికి తయారీ, బిగింపు కలిపి 45 రోజులు అడిగారు. అవి మాటలో ఉన్న రోజులు, చేతలో పెరుగుతాయి. మేము ఆలోచిస్తున్నది ఏప్రిల్ చివర. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఇల్లు మారేవారు మే నెలలోనే చూసుకుంటారు. ఆ తరువాత ఆషాఢం వస్తే బయానాలు, రిజిస్ట్రేషన్లు మందగించి మళ్లీ శ్రావణం దాకా ఆగుతాయి. ఇల్లంతా సిమెంటు దుమ్ముతో, వంట లేకుండా, కొనేవారికి చూపించలేని స్థితిలో ఆ మంచి నెలను పోగొట్టుకోవడం 3,75,000కు పైన పడే ఇంకో ఖర్చు.

ఆదాయపు పన్ను గురించి కొందరు అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఇంటికి శాశ్వతంగా చేయించిన మెరుగుదల ఖర్చును మూలధన లాభం నుంచి తీసివేసుకోవచ్చు, మామూలు మరమ్మతులకు ఆ వెసులుబాటు ఉండదు, దేనికైనా బిల్లులు కావాలి. 2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు పన్ను 12.5 శాతం, అంతకుముందు కొన్న ఇళ్లకు దేశంలో నివసించేవారు ద్రవ్యోల్బణపు సవరణతో 20 శాతం లెక్కను కూడా ఎంచుకోవచ్చు. ఏ లెక్కన చూసినా మినహాయింపు తగ్గించేది పన్నును కొంత మేరకే. పెట్టిన ఖర్చులో ఎక్కువ భాగం మనదే. మేము ఎలాగూ రెండేళ్ల లోపు విజయవాడలో ఇల్లు కొంటున్నాం కాబట్టి లాభాన్ని అందులో పెడితే ఆ మేరకు పన్నే పడదు. ఇది మా నిర్ణయాన్ని ఎటూ కదిలించలేదు.

చివరికి కొన్నవారు మియాపూర్‌లో అద్దెకు ఉంటున్న దంపతులు. వారితో వచ్చిన పెద్దావిడ పొయ్యి దగ్గర నిలబడి తూర్పు కిటికీ వైపు చూసి, కుళాయి తిప్పి నీటి ధార చూసి, సింకు కింద తలుపు తీయించి వంగి చూశారు. పైపు కొత్తగా వేయించిన సంగతి చెప్పి ప్లంబర్ బిల్లు చూపించాం. బేరంలో వాళ్లు వంటగది పాతబడిందని లక్షన్నర తగ్గించమన్నారు. ఎలాగూ మార్పించుకుంటామని అంతకుముందు వాళ్లే అన్నారు కాబట్టి, మీరు తీసేసే దానికి మేము ఎందుకు తగ్గించాలని మావారు మర్యాదగానే అడిగారు. 57 లక్షలకు ఒప్పందం కుదిరింది. ధర 50 లక్షలు దాటింది కాబట్టి వాళ్లు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కట్టే పన్ను) మినహాయించుకుని మా పాన్ మీద కట్టారు.

అగ్రిమెంటు రాసేటప్పుడు వంటగది మళ్లీ చర్చకు వచ్చింది. ఇంటితో పాటు ఏవేవి వదిలి వెళుతున్నామన్నది నోటి మాటగా వదిలేస్తే తాళాలు ఇచ్చే రోజు మనస్పర్థలు వస్తాయని వాళ్లే ఒక జాబితా అడిగారు, అది మంచిదే. ఎగ్జాస్ట్ ఫ్యాను, కుళాయిలు, దీపాలు, అటక తలుపులు, యుటిలిటీలోని గీజరు వాళ్లకు. గ్యాస్ పొయ్యి, నీటి ఫిల్టరు మాకు. ఫిల్టరు తీశాక గోడకు మిగిలే రంధ్రాలను మేమే పూడ్చి ఇవ్వాలని కూడా ఆ జాబితా కింద ఒక వాక్యం చేర్పించారు. ఎపాక్సీ గ్రౌటు డబ్బాలో కొంచెం మిగిలి ఉండటం వల్ల దానికి వేరే ఖర్చు కాలేదు.